తోటలో వేధశాల: అంకితం వెంకట నరసింగరావు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు, నేను విశాఖపట్నం పెద్దాయన ఒకరి గురించి రాస్తానన్నాను. మన రంపచోడవరం బడికీ ఆయనకూ ఏమిటి సంబంధం అని వెంటనే అడిగారు. కొంచెం ఉంది. కాస్త ఓపిక పట్టి చదివితే అదీ వస్తుంది.

ఆయన నాకు పరిచయమైంది ఒక చెడిపోయిన ఫోటో వల్ల. రిటైరయ్యాక మా పిల్లలు చిన్న టెలిస్కోపు ఒకటి కొనిచ్చారు. ఒక కార్తీకమాసం రాత్రి పెరట్లో అరటిచెట్ల పక్కన దాన్ని నిలబెట్టి, కన్ను పెట్టే చోట సెల్‌ఫోను బిగించి గురుగ్రహాన్ని ఫోటో తీశాను. అంతకుముందు కంటితో చూసినప్పుడు గోధుమరంగు పట్టీలు రెండు, పక్కన బారుగా నాలుగు ఉపగ్రహాలు చక్కగా కనిపించాయి. ఫోనులో చూస్తే వేడి పెనం మీద వేసిన వెన్నముద్దలా ఉంది. మా ఆవిడ చూసి, చందమామను తీశారా అంది. పది తీస్తే పదీ అంతే.

తప్పు టెలిస్కోపుది కాదు, ఫోనుదీ కాదు. మధ్యలో ఉన్న గాలిది. సీతపల్లి వాగు పారుతుండగా అడుగున పడ్డ రూపాయి బిళ్లను చూడండి. అది కదలదు, అయినా మన కంటికి సాగుతుంది, ముడుచుకుంటుంది, ఒక్కోసారి రెండుగా చీలుతుంది. మనం గాలి అనే వాగు అడుగున నిలబడి పైనున్న బిళ్లను చూస్తున్నాం. వేడి గాలి, చల్ల గాలి పొరలు పొరలుగా కదులుతూ వెలుగును ఒక్కో క్షణం ఒక్కో వైపు వంచుతాయి. నక్షత్రాలు మిణుకుమనేది అందుకే. గురుగ్రహం మనకు బాగా దగ్గరగా వచ్చిన రోజుల్లో కూడా వంద మీటర్ల దూరాన నిలబెట్టిన రూపాయి బిళ్లంత మాత్రమే కనిపిస్తుంది. అంత చిన్న బిళ్ల మీద గీతలు లెక్కపెట్టాలంటే గాలి ఎంత నిలకడగా ఉండాలో ఆలోచించండి.

కన్ను ఇక్కడ ఒక మంచి పని చేస్తుంది. పావుగంట చూస్తే అందులో అక్కడక్కడ అరసెకను, సెకను చొప్పున గాలి సద్దుమణుగుతుంది. ఆ క్షణాల్లో కనిపించినదాన్ని కన్ను పట్టుకుని, మిగతాది వదిలేస్తుంది. ఫోటోకు ఆ విచక్షణ లేదు. మంచి క్షణం, చెడ్డ క్షణం అన్నీ ఒకదానిమీద ఒకటి పడి మసక అవుతాయి. ఈ తంటా మన వైపు నాకంటే ముందు ఎవరు పడ్డారా అని వెతుకుతుంటే విశాఖపట్నం డాబాగార్డెన్స్ దగ్గర, నూట యాభై ఏళ్ల వెనక, నరసింగరావుగారు దొరికారు.

డాబాగార్డెన్స్ అంటే మనలో చాలామందికి దుకాణాలూ ఆటోలూ గుర్తొస్తాయి. డాబా, తోట అనే రెండు మాటలూ ఆ పేరులోనే ఉన్నాయని నేనూ అన్నేళ్లు గమనించలేదు. ఒకప్పుడు అది గోడేవారి తోట. ఆ జమీందారీ కుటుంబంలో 1817లో పుట్టిన గోడే వెంకట జగ్గారావుగారు మద్రాసు వెళ్లి, అక్కడి ప్రభుత్వ వేధశాలలో టి.జి.టేలర్ దొరగారి దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. తిరిగి వచ్చి 1840లో సొంత ఖర్చుతో తన ఇంటి ఆవరణలోనే వేధశాల కట్టించారు. అప్పటికి మన దేశంలో ఇలాంటి పని కంపెనీవారో రాజులో చేయాలి గాని, ఇంటి తోటలో ఒక గృహస్థు చేయడం చాలా అరుదు. అదే 1840లో న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ చంద్రుడి ఫోటో తీశాడు. ఆకాశాన్ని ఫోటో తీసే విద్యా, మన తోట వేధశాలా ఒకే ఈడువన్నమాట.

జగ్గారావుగారు 1856లో, నలభై ఏళ్లు నిండకుండానే పోయారు. ఇలాంటి ముచ్చట్లు సాధారణంగా ఆ మనిషితోనే పోతాయి. పరికరాలు అటక ఎక్కుతాయి, ఇత్తడి భాగాలు తూకానికి వెళతాయి. ఇక్కడ అలా జరగలేదు. ఆయన కుమార్తె అచ్చయ్యమ్మగారి భర్త అంకితం వెంకట నరసింగరావుగారు ఆ బాధ్యత తీసుకున్నారు. 1827లో పుట్టిన ఆయనకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. మామగారి ఆస్తితోపాటు మామగారి దుర్భిణిని కూడా ఆస్తిగా చూసిన అల్లుడు ఎంతమందికి దొరుకుతాడు! వేధశాలకు మామగారి పేరే ఉంచారు. ముప్పై ఆరేళ్లపాటు, చనిపోయేవరకు, నడిపారు.

రోజువారీ పని చెప్పుకోదగ్గంత ఆకర్షణగా ఉండదు. గాలి ఒత్తిడి ఎంత, ఉష్ణోగ్రత ఎంత, వాన ఎంత పడింది, గాలి ఎటునుంచి వీస్తోంది అని ప్రతిరోజూ చూసి రాయడం, ఏడాది చివర లెక్కలు తేల్చి ప్రచురించడం. నక్షత్రాలు నడినెత్తి గీతను దాటే క్షణాన్ని చూసి గడియారాన్ని సరిచూసుకోవడం. ఆ గడియారం లెక్కమీద ఫిరంగి మోగిస్తే ఊరికి టైము తెలిసేది. రైళ్లకోసం దేశమంతా ఒకే టైము పెట్టకముందు ఏ ఊరి టైము ఆ ఊరిదే. విశాఖ సొంత కాలం ఇప్పటి మన గడియారాలకు మూడు నిమిషాలు ముందుంటుంది. మన రంపచోడవరం కాలం మూడు నిమిషాలు వెనక. అంటే అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చిన ఆరు నిమిషాలకు మన దగ్గరికి వస్తాడు. ఈ లెక్క ఎప్పుడు పిల్లలకు చెప్పినా వాళ్ల కళ్లు మెరుస్తాయి.

1868 నవంబరు 5న బుధగ్రహం సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా సాగింది. నరసింగరావుగారు దాన్ని చూసి, సమయాలు గుర్తించి లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. అదే సంవత్సరం ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాని దారి గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సాగింది. ఫ్రాన్సునుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరులో మకాం వేశాడు. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. మన తెలుగు జిల్లాల వైపు ప్రపంచం దుర్భిణులు తిప్పిన సంవత్సరం అది. ఆ తర్వాత కొద్ది కాలానికే నరసింగరావుగారిని ఆ లండన్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకుంది. రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో కూడా సభ్యులయ్యారు.

ఇక ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద ఉదయం 1874 డిసెంబరు 9.

ఆ రోజు శుక్రగ్రహం సూర్యుడి మీదుగా దాటాలి. అలాంటివి రెండు, ఎనిమిదేళ్ల తేడాతో జంటగా వస్తాయి. తర్వాత నూరేళ్లకు పైగా ఉండవు. అంతకుముందు జంట 1761, 1769లో. 1874 తర్వాత మళ్లీ 1882 డిసెంబరు 6న ఉంది గాని, అప్పుడు మన దేశంలో సూర్యుడు అస్తమించి ఉంటాడు. తర్వాతది 2004. నలభై ఏడేళ్ల నరసింగరావుగారికి ఇదంతా లెక్కల్లో తెలిసిన సంగతే. మబ్బు పట్టిందా, గాలి కలత పెట్టిందా, ఇంకో అవకాశం లేదు. ఆరు అంగుళాల కటకం ఉన్న కుక్ కంపెనీ దుర్భిణి ఆయన దగ్గర ఉంది.

ఇంత హడావుడి ఎందుకంటే, భూమినుంచి సూర్యుడు ఎంత దూరమో తేల్చడానికి అప్పట్లో దీన్ని మించిన దారి లేదనుకునేవారు. భూమిమీద దూరదూరాన ఉన్న చోట్లనుంచి చూసినవాళ్లకు శుక్రుడు సూర్యుడి అంచును తాకే క్షణం కొద్దిగా వేరువేరుగా ఉంటుంది. ఆ తేడాలోంచి దూరం లెక్క వస్తుంది. కాబట్టి ప్రతి చోటా సెకన్లతో సహా సరైన సమయం కావాలి. ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, రష్యా, అమెరికా మనుషులను పంపాయి. మన దేశంలో రూర్కీలో టెనెంట్ దొర ఫోటోలు తీయించాడు. బెంగాల్‌లోని ముద్దాపూర్‌లో ఇటలీవాళ్లు దిగారు. మద్రాసు వేధశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారిగారు సామాన్యులకు అర్థమయ్యేలా చిన్న పుస్తకం రాశారు. ఒరిస్సాలోని ఖండపడాలో సామంత చంద్రశేఖర్‌గారు వెదురుతోనూ కర్రతోనూ సొంతంగా చేసుకున్న సాధనాలవాడు, ఆయనా చూశాడు. విశాఖలో తోటలోంచి నరసింగరావుగారు.

పొద్దుపొడిచి గంట దాటిందో లేదో, శుక్రుడు అంచును తాకే వేళ. సూర్యుడు ఇంకా కిందనే ఉన్నాడు. ఆ ఎత్తులో ఉన్నప్పుడు వెలుగు నడినెత్తిన ఉన్నప్పటికన్నా మూడు నాలుగు రెట్లు గాలిని దాటి రావాలి. ఎండ తగిలిన నేల వేడెక్కుతుంటే గాలి పొరలు కదలడం మొదలవుతుంది. సూర్యబింబం అంచు కాగుతున్న పాల అంచులా ఉంటుంది. దాని వెడల్పులో ముప్పయ్యో వంతు ఉన్న నల్లచుక్క ఆ కాగే అంచును ఏ సెకనులో విడిచిందో చెప్పాలి. పైగా చుక్క పూర్తిగా లోపలికి వచ్చాక కూడా సూర్యుడి అంచుకూ దానికీ మధ్య ఒక నల్లని తాడు సాగినట్టు కనిపిస్తుంది. బెల్లప్పాకం గరిటెతో ఎత్తితే తీగ సాగి ఒక్కసారి తెగుతుంది చూడండి, అలా. తీగ తెగిన క్షణం లెక్కా, చుక్క లోపలికి వచ్చిన క్షణం లెక్కా? పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు రాసిన సమయాలే కలవలేదు. గాలి కలతా, దుర్భిణి పరిమితీ కలిసి చేసే మాయ ఇది.

మనుషుల కళ్లు ఒప్పుకోవు కాబట్టి ఫోటో అబద్ధం ఆడదని చాలా దేశాలు ఆ ఏడాది ఫోటోల మీద గంపెడాశ పెట్టుకున్నాయి. తీరా ఇంటికి తీసుకెళ్లి సూక్ష్మదర్శినిలో పెట్టి కొలవబోతే బ్రిటిష్‌వాళ్ల పలకల మీద అంచు ఎక్కడుందో తెలియలేదు. మసక. 1882 నాటికి వాళ్లు ఆ ప్రయత్నమే మానేశారు. ఇది చదివినప్పుడు నా వెన్నముద్ద గురుగ్రహం మీద నాకు కాస్త గౌరవం కలిగింది.

నరసింగరావుగారు దుర్భిణికి కన్ను ఆనించి చూశారు. నాలుగున్నర గంటలు సాగిన ఆ దాటడాన్ని గమనించి, తన గడియారం లెక్కతో సమయాలు పంపారు. అవి లండన్ సొసైటీ పత్రికకు చేరాయి. ఆయన ఏ ప్రభుత్వ బృందంలోనూ లేరు. ఎవరూ జీతం ఇవ్వలేదు. అన్నేళ్లుగా రోజూ గడియారం సరిచూసుకున్నవాడు కాబట్టి ఆ ఒక్క ఉదయం ఆయన రాసిన సెకనుకు విలువ ఉంది. నా దృష్టిలో ఆయన గొప్పతనం శుక్రుణ్ని చూడడంలో కన్నా, శుక్రుడు లేని వేలాది మామూలు రోజుల్లో పుస్తకంలో అంకెలు రాయడంలో ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటితే మన కొండలకు అన్యాయం చేసినట్టే. ఆయన జమీందారీ కుటుంబానికి చెందినవారు. తోట, తీరిక, ఇంగ్లండునుంచి ఇత్తడి దుర్భిణి తెప్పించుకునే స్తోమత అక్కడినుంచే వచ్చాయి. ఆయన అలా సెకన్లు లెక్కపెడుతున్న కాలంలోనే, 1879లో, మన రంపలో పితూరీ లేచింది. కల్లు మీద చిగురుపన్ను, మన్సబుదారు పీడన, పోలీసుల దాష్టీకం భరించలేక ముఠాదారులు తిరగబడ్డారు. ఆ మంట గూడెం, గొలుగొండ కొండలదాకా పాకింది. ఒకే సముద్రతీరానికి చేరువలో, ఒకే దశాబ్దంలో, ఇంత దూరమైన రెండు లోకాలు. ఆయన గురించి రాయాలా వద్దా అని నేను కొన్నాళ్లు తటపటాయించింది ఇందుకే. రాయాలనే అనిపించింది, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నరసింగరావుగారు 1892లో కన్నుమూశారు. చదువు కోసం ఆయన ఆస్తి రాసి ఇచ్చారు. విశాఖలో 1860లో చిన్న బడిగా మొదలై కాలేజీగా ఎదిగిన సంస్థ ఆ దానంతో నిలదొక్కుకుంది. పేరు మాత్రం తనది పెట్టించుకోలేదు. అచ్చయ్యమ్మగారిది. అదే ఇప్పటి మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ. ఆ పొట్టి అక్షరాల వెనక అంకితం వెంకట నరసింగరావు అనే మనిషి ఉన్నాడని అక్కడ చదివినవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఆ 1892లోనే చంద్రశేఖర అయ్యర్ అనే లెక్కల, భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు తమిళదేశంనుంచి ఆ కాలేజీలో చేరారు. నాలుగేళ్ల కొడుకును వెంట తెచ్చుకున్నారు. ఆ పిల్లవాడు విశాఖలోనే పెరిగి, పదమూడేళ్లకు ఆ కాలేజీలోనే ఎఫ్.ఏ. ప్యాసై మద్రాసు వెళ్లాడు. సర్ సి.వి.రామన్.

మరికొన్నేళ్లకు అదే ఏ.వి.ఎన్.లో ఇంకో కుర్రాడు కొద్దికాలం చదివాడు. చదువు మీద నిలవలేదు. దేశం తిరిగి, మన్యానికి వచ్చి, 1922 అక్టోబరులో మన రంపచోడవరం పోలీసు స్టేషను మీదికి మనుషులతో వచ్చాడు. అల్లూరి సీతారామరాజు. కమిటీవాళ్లు అడిగిన సంబంధం ఇదీ. చుక్కలు చూసిన జమీందారు డబ్బుతో నిలిచిన బడిలో కూర్చున్నవాడే పితూరీల కొండకు వచ్చి పితూరీ నడిపాడు. దాత ఇది ఊహించి ఉండడు. బడి పెట్టడమంటే అంతే, అందులోంచి ఎవరు వస్తారో పెట్టినవాడికి తెలియదు.

వేధశాల మాత్రం అంత అదృష్టం చేసుకోలేదు. ఆయన తర్వాత అంకితం జగ్గారావుగారు దాన్ని పట్టించుకుని ఆకాశాన్ని ఫోటో తీసే ఏర్పాట్లు కూడా చేశారు. అప్పటికి తడి పలకల రోజులు పోయి పొడి పలకలు వచ్చాయి. పారిస్‌లో హెన్రీ సోదరులు గురు, శని గ్రహాల ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్నారు. సముద్రపు గాలి, ఉక్కపోత ఉన్న విశాఖలో ఆ పని ఎంత కష్టమో నాకు ఊహించడం తేలికే. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి వేధశాల ప్రాభవం తగ్గింది. కట్టడం ఆ తర్వాత కూడా కొన్నాళ్లు నిలిచి ఉంది. నేను రెండేళ్ల కిందట రాజమండ్రి మీదుగా బస్సులో వెళ్లి డాబాగార్డెన్స్ అంతా తిరిగాను. అడిగిన ముగ్గురూ వేధశాల అంటే వేదపాఠశాల అనుకున్నారు. ఒకాయన దారి కూడా చూపించాడు. ఎంతో దూరం నడిచాను.

కళ్లతో చూసే విద్యకు, ఫోటోకు ఉన్న ఆ పాత తగాదా ఇప్పుడు ఒక రకంగా తీరింది. ఒక్క ఫోటో తీయడం మానేసి వీడియో తీస్తారు. నిమిషంలో పద్దెనిమిది వందల బొమ్మలు వస్తాయి. గాలి నిలకడగా ఉన్న క్షణాల బొమ్మలను కంప్యూటరు ఏరి, మిగతావి పారేసి, మంచివాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి ఒక్క బొమ్మ చేస్తుంది. నరసింగరావుగారి కన్ను చేసిన పనే, కాకపోతే ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు చేస్తుంది.

మొన్న పుష్యమాసంలో మన బడి పిల్లలు ఏడుగురిని డాబా మీదికి తీసుకెళ్లాను. మన దగ్గర వానలు వెళ్లాక ఆకాశం కడిగినట్టుంటుంది. మాఘం దాటితే పోడు పొగ మొదలవుతుంది, చుక్కలు ఎర్రబడతాయి. తెల్లవారుజామున మంచు. కాబట్టి వేళ చూసుకోవాలి. సాయంత్రం సిమెంటు డాబా ఎండ వేడిని వదులుతున్నంతసేపూ గురుగ్రహం గింజుకుంటూనే ఉంది. తొమ్మిది దాటాక కొండమీదనుంచి చల్లగాలి దిగి ఆగింది. నిమిషం వీడియో తీశాం. అందులో నూట యాభై బొమ్మలు ఏరి పేరిస్తే పట్టీలు రెండూ వచ్చాయి. కొండరెడ్ల గూడెంనుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి, మూడో పట్టీ కూడా ఉందని పట్టుబట్టింది. బొమ్మలో నాకు కనిపించలేదు. దుర్భిణిలోకి పావుగంట చూశాక నాకూ ఒకసారి కనిపించినట్టే అయింది.

2004 జూన్ 8న శుక్రుడు దాటినప్పుడు వేసవి సెలవులు ఇంకా అయిపోలేదు, బడి తెరవలేదు. వెల్డింగు అద్దం పట్టుకుని నేనొక్కణ్నే చూశాను. 2012లో మళ్లీ వచ్చింది. తర్వాతది 2117 డిసెంబరు 11న, నరసింగరావుగారు చూసినదానికి సరిగ్గా 243 ఏళ్లకు. అదీ ఉదయం వేళే, మన కొండల మీద పొద్దుపొడిచేసరికే శుక్రుడు సూర్యబింబంలో ఉంటాడు. ఆ రాత్రి పిల్లలు ఒక నోటుబుక్కు మొదలుపెట్టారు. తేదీ, సమయం, చూసిన గ్రహం, చూసినవాళ్ల పేరు, చివరి గడిలో గాలి ఎలా ఉందో. మొదటి పేజీలో ఆ చివరి గడి నిండా ఒకటే మాట రాసి ఉంది, కదులుతోంది అని.